లారెన్షియన్ దివాలా, ఫ్రెంచ్ చదువుల పద్దు: ఒక కేస్ స్టడీ

2021 ఏప్రిల్ 12, సోమవారం. కెనడాలో ఒంటారియో రాష్ట్రం, సడ్‌బరీ ఊరు. అప్పుల్లో మునిగి కోర్టుకెక్కిన లారెన్షియన్ యూనివర్సిటీ తన ప్రొఫెసర్లను గుంపులు గుంపులుగా జూమ్ మీటింగులకు పిలిచి ఉద్యోగాలు పోయాయని చెప్పారు. దాదాపు 200 ఉద్యోగాలు పోయాయి. 69 కోర్సులు మూతపడ్డాయి. వాటిలో 58 డిగ్రీ కోర్సులు, 11 పీజీ కోర్సులు. ఈ 69లో 28 ఫ్రెంచ్‌లో చెప్పేవి. అంటే పది కోర్సులు పోతే అందులో నాలుగు ఫ్రెంచ్‌వి. ఆ యూనివర్సిటీలో ఎక్కువ మంది ఇంగ్లీషులో చదివేవాళ్లే అని తెలిసినవాళ్లకి ఈ లెక్క ఎంత బరువైనదో అర్థమవుతుంది.

నేను ఒంటారియోలో కాలేజీలు, యూనివర్సిటీల బడ్జెట్లు చూసే పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. లారెన్షియన్‌లో నేను పని చేయలేదు. ఆ రోజు సాయంత్రం మాత్రం అక్కడ ఇంజనీరింగ్ చదువుతున్న మన తెలుగు అబ్బాయి ఒకడు ఫోన్ చేశాడు. "అక్కా, మా కోర్సు ఉంటుందా? ఇంట్లో వాళ్లు టెన్షన్ పడుతున్నారు, వాళ్లకి ఏం చెప్పాలి?" అని అడిగాడు. ఇంజనీరింగ్ మిగిలిందని చెప్పాక వాడు కుదుటపడ్డాడు. ఫోన్ పెట్టేశాక నాకు వేరే ఆలోచన మొదలైంది. వాడికి సడ్‌బరీలో కోర్సు పోయినా టొరంటోలోనో విండ్సర్‌లోనో అదే చదువు అదే భాషలో దొరుకుతుంది. సడ్‌బరీలో ఫ్రెంచ్‌లో థియేటర్ చదివే అమ్మాయి ఎక్కడికి పోవాలి? ఆమె చదువుకి డబ్బు పెట్టాల్సిన బాధ్యత అసలు ఎవరిది?

కొన్ని నెలల తర్వాత, రెండు భాషల్లో పాఠాలు చెప్పే మరో సంస్థ నన్ను సరిగ్గా ఈ ప్రశ్న మీదే పనికి పిలిచింది. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పను. లారెన్షియన్ గురించి రాసేదంతా ఆడిటర్ నివేదికల్లో, కోర్టు కాగితాల్లో, పత్రికల్లో బయటికి వచ్చిందే. నా పని గురించి రాసేది ఆ రెండో సంస్థ గురించి.

సడ్‌బరీ

సడ్‌బరీ నికెల్ గనుల ఊరు. గనుల్లో, అడవుల్లో, రైల్వేలో పనికోసం క్యుబెక్ నుంచి వచ్చిన ఫ్రెంచ్ కుటుంబాలు ఉత్తర ఒంటారియో అంతటా స్థిరపడ్డాయి. 1912లో రాష్ట్ర ప్రభుత్వం రెగ్యులేషన్ 17 అనే నిబంధన తెచ్చి, బడిలో మొదటి రెండేళ్ల తర్వాత ఫ్రెంచ్‌లో పాఠాలు చెప్పడాన్ని కట్టడి చేసింది. 1927 దాకా అది నడిచింది. తల్లులు బడి గుమ్మంలో కాపలా కాసి ఇన్‌స్పెక్టర్లను అడ్డుకున్న కథలు ఒట్టావాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2016లో ఒంటారియో ప్రభుత్వం శాసనసభలో దీనికి క్షమాపణ చెప్పింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే ఫ్రెంచ్ హైస్కూళ్లు 1960ల చివరికి గానీ రాలేదు.

యూనివర్సిటీ చదువు మాత్రం చర్చి చేతుల మీదుగా వచ్చింది. జెస్యూట్ ఫాదర్లు 1913లో సడ్‌బరీలో ఒక కాలేజీ పెట్టారు. 1957కి అది యూనివర్సిటీ ఆఫ్ సడ్‌బరీ అయింది. 1960లో లారెన్షియన్ ఏర్పడ్డాక ఈ క్యాథలిక్ సంస్థ, మరో రెండు ప్రొటెస్టెంట్ సంస్థలైన హంటింగ్టన్, థోర్న్‌లో దాని గొడుగు కిందికి వచ్చాయి. చర్చి సంస్థలకు ప్రభుత్వ డబ్బు నేరుగా వెళ్లదు కాబట్టి ఈ ఏర్పాటు. గ్రాంటు లారెన్షియన్‌కి వస్తే, అందులోంచి ఈ మూడింటికి వాటా వెళ్లేది.

ఈరోజు ఒంటారియోలో ఫ్రెంచ్ బడుల మీద ఎగిరే ఆకుపచ్చ, తెలుపు జెండా మొదటిసారి ఎగిరింది 1975 సెప్టెంబర్ 25న, ఆ యూనివర్సిటీ ఆఫ్ సడ్‌బరీ ముందే. లారెన్షియన్‌లో చరిత్ర చెప్పే గేటన్ జెర్వే, మిషెల్ డ్యుప్వీ అనే విద్యార్థి దాన్ని తయారు చేశారు. ఈ కేసులో జనం కోపం కోర్సుల సంఖ్యకి మించి ఎందుకుందో తెలియడానికి ఈ జెండా సంగతి తెలియాలి.

చట్టం ఎంత దూరం వస్తుంది

కెనడా రాజ్యాంగంలో 1867 నుంచీ చదువు రాష్ట్రాల చేతిలోని విషయం. సెక్షన్ 93 ఆ మాట చెబుతుంది. 1982లో వచ్చిన హక్కుల చార్టర్‌లో సెక్షన్ 23 ఉంది. మైనారిటీ భాష వాళ్ల పిల్లలకి ప్రైమరీ, సెకండరీ చదువు వాళ్ల భాషలో, ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలని అది చెబుతుంది. 1990లో మాహే కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, తగినంత మంది పిల్లలుంటే ఆ బడుల నిర్వహణ కూడా ఆ భాష తల్లిదండ్రుల చేతిలోనే ఉండాలంది. ఇప్పుడు ఒంటారియోలో 12 ఫ్రెంచ్ స్కూల్ బోర్డులు ఉన్నాయి.

పన్నెండో తరగతి దాటాక సెక్షన్ 23 ఆగిపోతుంది. యూనివర్సిటీ అనే మాట అందులో లేదు.

మన దగ్గర చదివినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. మన రాజ్యాంగంలో 350ఎ ప్రైమరీ స్థాయిలో మాతృభాషలో బోధన గురించి చెప్పి ఆగుతుంది. ఆర్టికల్ 30 మైనారిటీలకి విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇస్తుంది, గ్రాంటు ఇచ్చేటప్పుడు వివక్ష చూపకూడదంటుంది, గ్రాంటు ఇచ్చి తీరాలని మాత్రం అనదు. హోసూరులో, బరంపురంలో తెలుగు బడుల గురించి పోరాడినవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు.

ఒంటారియోలో ఇంకో చట్టం ఉంది. 1986 నాటి ఫ్రెంచ్ భాషా సేవల చట్టం. దీని కింద ఒక సంస్థ నమోదైతే, అది ఫ్రెంచ్‌లో ఇచ్చే సేవలను ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి వీల్లేదు. ఒట్టావాలోని మాంట్‌ఫోర్ట్ ఆసుపత్రిని 1997లో ప్రభుత్వ కమిషన్ మూసేయమన్నప్పుడు, 2001లో ఒంటారియో అప్పీల్ కోర్టు ఈ చట్టాన్నీ, మైనారిటీలను కాపాడాలనే రాజ్యాంగపు అలిఖిత సూత్రాన్నీ చూపించి ఆసుపత్రిని నిలబెట్టింది. లారెన్షియన్ కూడా 2014లో పాక్షికంగా ఈ చట్టం కింద నమోదైంది. మరి 2021లో ఆ కాగితం ఎందుకు పని చేయలేదు?

ఒక కారణం, ఆ నమోదు డిగ్రీల పేరు మీద ఉంది, వాటి లోపల ఉండే కోర్సుల పేరు మీద లేదు. బీఏ అనే డిగ్రీ ఫ్రెంచ్‌లో మిగిలితే, దాని కింద జాగ్రఫీ పోయినా, థియేటర్ పోయినా కాగితం మీద డిగ్రీ బతికే ఉంటుంది. రెండో కారణం ఇంకా బాధాకరం. కోర్సులు కోసేటప్పుడు ఈ చట్టాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రాష్ట్ర ఫ్రెంచ్ సేవల కమిషనర్ కెల్లీ బర్క్ 2022లో ఇచ్చిన నివేదికలో యూనివర్సిటీనీ, ప్రభుత్వ శాఖలనూ కలిపే తప్పు పట్టారు.

డబ్బు వచ్చే దారి

ఇక్కడ కొంచెం ఓపిక పట్టి చదవండి. నా ఉద్దేశంలో కేసు అంతా ఇక్కడే ఉంది.

ఒంటారియో యూనివర్సిటీకి డబ్బు ముఖ్యంగా మూడు వైపుల నుంచి వస్తుంది. మొదటిది రాష్ట్రం ఇచ్చే నిర్వహణ గ్రాంటు. ఇది విద్యార్థుల సంఖ్యని, ఏ కోర్సు ఎంత ఖరీదైనదన్న తూకాన్ని బట్టి లెక్క కడతారు. కొన్నేళ్లుగా ప్రతి యూనివర్సిటీకీ ఒక సంఖ్య ఖాయం చేసి, దాని చుట్టుపక్కల ఉన్నంతవరకు గ్రాంటు మారదని, పైకి పెరిగినా అదనంగా ఇవ్వమని చెప్పారు. ఈ పద్ధతిని కారిడార్ అంటారు. రెండోది ఫీజులు. 2019లో రాష్ట్రం స్థానిక విద్యార్థుల ఫీజు 10 శాతం తగ్గించి, అక్కడే గడ్డకట్టించింది. తగ్గిన ఆదాయాన్ని ప్రభుత్వం పూడ్చలేదు. దాంతో అందరూ మూడో వైపు చూశారు. అదే విదేశీ విద్యార్థుల ఫీజు. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి అప్పు చేసి వచ్చిన పిల్లలు కట్టే ఫీజు ఒంటారియోలో ఎన్ని విభాగాలను నిలబెట్టిందో బడ్జెట్ షీట్లు చూసినవాళ్లకి తెలుసు. 2024లో ఫెడరల్ ప్రభుత్వం స్టడీ పర్మిట్లకి పరిమితి పెట్టాక ఆ స్తంభం కూడా కదిలింది.

వీటి పక్కన సన్నని పాయ ఒకటి పారుతుంది, ఫ్రెంచ్ డబ్బు. 1970 నుంచి ఫెడరల్ ప్రభుత్వం మైనారిటీ భాషల చదువుకి అయ్యే అదనపు ఖర్చులో భాగం పెట్టుకుంటోంది. ఈ డబ్బు నేరుగా యూనివర్సిటీకి పోదు. ఫెడరల్ ప్రభుత్వానికీ రాష్ట్రానికీ ఒప్పందం ఉంటుంది, రాష్ట్రం కూడా తన వాటా పెట్టాలి, తర్వాత రాష్ట్రం సంస్థలకి పంచుతుంది. చదువు రాష్ట్రాల పరిధి కాబట్టి ఒట్టావా, అంటే రాజధానిలోని ఫెడరల్ ప్రభుత్వం, చేయగలిగేది ఇవ్వడం, నివేదిక అడగడం, అంతే. ఆ నివేదికలు కూడా మొత్తాల్లో ఉంటాయి. ఒక డాలర్ ఏ తరగతి గదికి చేరిందో వాటిలో కనపడదు.

అదనపు ఖర్చు అంటే ఏమిటో ఒక ఊహా లెక్కతో చెబుతాను. ఒక సబ్జెక్టు ఒక టర్మ్ చెప్పడానికి టీచర్‌కి 12,000 డాలర్లు అవుతుందనుకుందాం. ఇంగ్లీషు క్లాసులో 60 మంది ఉంటే తలకి 200 డాలర్లు. అదే సబ్జెక్టు ఫ్రెంచ్‌లో 12 మందికి చెబితే తలకి 1,000. గ్రాంటు తలలు లెక్కపెట్టి వస్తుంది కాబట్టి, ఫ్రెంచ్ క్లాసు ఎప్పుడూ నష్టంలో ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ 800 తేడాని పూడ్చడానికే ప్రత్యేక గ్రాంటు పుట్టింది. ఆ గ్రాంటు వచ్చి సంస్థ ఉమ్మడి ఖాతాలో పడి, ఫ్రెంచ్ క్లాసు ఎదురుగా ఆదాయంగా రాయకపోతే ఏమవుతుంది? నష్టం ఫ్రెంచ్ క్లాసు పేరున ఉంటుంది, దాన్ని పూడ్చడానికి వచ్చిన డబ్బు అందరి పేరున ఉంటుంది. పదేళ్ల తర్వాత ఎవరో కన్సల్టెంట్ వచ్చి నష్టాల జాబితా తీస్తే ఫ్రెంచ్ కోర్సులు పైవరసలో నిలబడతాయి.

నేను ఇలాంటి జాబితాలు చూశాను. ఒకప్పుడు నేనే తయారు చేశాను కూడా. ఆ కాలమ్‌లో గ్రాంటు ఎందుకు లేదని అప్పుడు నేను అడగలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

లారెన్షియన్‌లో డబ్బు కలగలిసిపోవడం ఏ స్థాయిలో ఉండేదో దివాలా పిటిషన్‌తోనే బయటపడింది. పరిశోధనల కోసం బయటి సంస్థలు ఇచ్చిన గ్రాంట్లు కూడా ప్రత్యేక ఖాతాలో లేవు, రోజువారీ ఖర్చుల డబ్బుతో కలిసిపోయాయి. ఒక ప్రొఫెసర్ తన ప్రాజెక్టుకి వచ్చిన గ్రాంటు ఉందనుకుని కూర్చుంటే, అది అప్పటికే జీతాలకో వడ్డీలకో వెళ్లిపోయింది.

కోర్టులో ఎవరికి కుర్చీ ఉంది

2021 ఫిబ్రవరి 1న లారెన్షియన్ సీసీఏఏ అనే ఫెడరల్ చట్టం కింద కోర్టుకి వెళ్లింది. అప్పుల్లో మునిగిన కంపెనీలు అప్పులవాళ్లతో రాజీ కుదుర్చుకోవడానికి వాడే చట్టం అది. కెనడాలో ప్రభుత్వ డబ్బుతో నడిచే యూనివర్సిటీ ఒకటి ఈ దారి పట్టడం అదే మొదటిసారి.

ఆ చట్టం ఒక కంపెనీకి సరిపోయేలా రాసింది. అందులో బ్యాంకులకి చోటు ఉంది, బకాయిలు రావాల్సిన సరఫరాదారులకి చోటు ఉంది, ఉద్యోగులకి, పింఛనుదారులకి చోటు ఉంది. కోర్టు నియమించిన మానిటర్ ఉంటారు. చివరికి అప్పులవాళ్లు ఓటు వేస్తారు. ఉత్తర ఒంటారియోలోని ఫ్రెంచ్ సమాజం యూనివర్సిటీకి అప్పు ఇవ్వలేదు. అందుకని దానికి ఓటు లేదు. ఏ కోర్సు తీసేయాలన్న చర్చలు గోప్యంగా జరిగాయి. ఒంటారియో ఫ్రెంచ్ సంఘాల ఉమ్మడి వేదిక బయట నిలబడి, ఫ్రెంచ్ కోర్సులను యూనివర్సిటీ ఆఫ్ సడ్‌బరీకి అప్పగించండని అడిగింది. లోపల దాన్ని వినాల్సిన అవసరం ఎవరికీ చట్టంలో లేదు.

అదే వసంతంలో లారెన్షియన్ మూడు అనుబంధ సంస్థలతో అరవై ఏళ్ల ఒప్పందాన్ని తెంచేసింది. యూనివర్సిటీ ఆఫ్ సడ్‌బరీ, థోర్న్‌లో కోర్టులో సవాలు చేసి ఓడిపోయాయి. యూనివర్సిటీ ఆఫ్ సడ్‌బరీ అప్పటికే, 2021 మార్చిలో, ఇకపై పూర్తిగా ఫ్రెంచ్ యూనివర్సిటీగా మారతామని ప్రకటించింది. ఒప్పందం తెగడంతో ఆ సంస్థ ఏళ్ల తరబడి నడిపిన ఆదివాసీ అధ్యయనాల విభాగానికి కూడా దెబ్బ తగిలింది. దీన్ని ఫ్రెంచ్ గొడవగా మాత్రమే చెప్పేవాళ్లు ఈ విషయం వదిలేస్తారు.

మూతపడినవాటిలో మంత్రసానుల కోర్సు కూడా ఉంది. ఫ్రెంచ్‌లోనూ చదివే వీలున్న అలాంటి కోర్సు రాష్ట్రంలో అదొక్కటే. అక్కడ చదివినవాళ్లు ఉత్తరాన ఆసుపత్రులు దూరంగా ఉండే ఊళ్లలో కాన్పులు చేసేవాళ్లు. ఒక కోర్సు నష్టమో లాభమో రాసే షీట్‌లో కపుస్కేసింగ్ దగ్గరి ఊళ్లో ఒక తల్లి నొప్పులు పడుతూ తన భాషలో మాట్లాడగలగడం ఏ కాలమ్‌లో రాయాలి? దానికి కాలమ్ లేదు. కాలమ్ లేదు కదా అని అది లేనట్టు ఊరుకుంటే మేం బడ్జెట్ పని చేయడం దేనికి?

ఆడిటర్ జనరల్ బానీ లైసిక్ 2022 నవంబర్‌లో తుది నివేదిక ఇచ్చారు. లారెన్షియన్ అసలు ఆ చట్టం కిందికి వెళ్లాల్సిన అవసరమే లేదన్నది ఆమె తేల్చిన మాట. అప్పు చేసి సరిగ్గా ఆలోచించకుండా కట్టిన కట్టడాల వల్లే పరిస్థితి దిగజారిందని, ప్రభుత్వ శాఖకి ప్రమాదం కనబడుతున్నా సమయానికి కదలలేదని కూడా రాశారు. కాగితాలు చూపించడానికి యూనివర్సిటీ ఒప్పుకోకపోతే 2021 డిసెంబర్‌లో శాసనసభ స్పీకర్ వారంట్ జారీ చేయాల్సి వచ్చింది. ఇంత పెద్ద మొత్తంలో ప్రజల డబ్బు తీసుకునే సంస్థ విషయంలో అంత దూరం పోవాల్సి రావడం నేను ఊహించలేదు.

ఈ నివేదిక నాకు ఎందుకు ముఖ్యమంటే, ఫ్రెంచ్ కోర్సులు యూనివర్సిటీని ముంచలేదని దాంతో తేటపడింది. ముంచింది కట్టడాల అప్పు. దాని మూల్యం మాత్రం ఫ్రెంచ్ విద్యార్థులు తమ వంతుకి మించి చెల్లించారు.

చివరికి అప్పులవాళ్లు 2022 సెప్టెంబర్‌లో ఒప్పుకున్నారు. రావాల్సిన ప్రతి డాలర్‌కీ వాళ్లకి దక్కేది 14 నుంచి 24 సెంట్లు. రాష్ట్ర ప్రభుత్వం యూనివర్సిటీ భవనాలు కొన్ని 53.5 మిలియన్ డాలర్ల దాకా పెట్టి కొనడానికి ఒప్పుకుంది. 2022 నవంబర్ చివరికి లారెన్షియన్ కోర్టు నుంచి బయటపడింది. భవనాలకి డబ్బు దొరికింది కదా, ఆ 28 కోర్సులకి ముందే ఎందుకు దొరకలేదన్న ప్రశ్న ఇప్పటికీ సడ్‌బరీలో అడుగుతారు.

నాకు అప్పగించిన పని

ఇప్పుడు రెండో సంస్థ. అక్కడ నన్ను అడిగింది ఒక్క మాట: "మా ఫ్రెంచ్ కోర్సులకి నిజంగా ఎంత ఖర్చవుతోంది, వాటి కోసం వచ్చే డబ్బు ఎంత, వాటికే పోతోందా?" లారెన్షియన్ చూసి వాళ్లకి భయం పట్టుకుంది. ఆ భయం మంచిదే అయింది.

మొదటి మూడు వారాలు నేను ఆ గ్రాంటు ఎక్కడ పడుతోందో వెతకడానికే సరిపోయాయి. రాష్ట్రం పంపే కాగితంలో ఫ్రెంచ్ గ్రాంటుకి విడిగా ఒక వరుస ఉంది. సంస్థ పద్దు పుస్తకంలోకి వచ్చేసరికి అది ఇతర గ్రాంట్లలో కలిసిపోయింది. అక్కడి నుంచి లైబ్రరీకి, వెబ్‌సైట్ అనువాదానికి, రిజిస్ట్రార్ ఆఫీసులో రెండు భాషలు వచ్చిన గుమస్తాల జీతాలకి వెళ్లింది. ఎవరూ దొంగతనం చేయలేదు. ప్రతి ఖర్చుకీ ఏదో ఒక ఫ్రెంచ్ సంబంధం చూపించవచ్చు. కానీ ఫ్రెంచ్‌లో సోషియాలజీ చెప్పే విభాగం మాత్రం ఏటా లోటు చూపిస్తూ, ఏటా సంజాయిషీ ఇచ్చుకుంటోంది.

నేను ఖర్చులన్నిటినీ మూడుగా విడగొట్టాను. ఫ్రెంచ్ కోర్సు లేకపోతే అసలు ఉండనివి ఒక గుంపు. రెండు భాషలకీ ఉమ్మడివి రెండో గుంపు. ఫ్రెంచ్‌తో సంబంధం పేరుకి మాత్రమే ఉన్నవి మూడో గుంపు. మొదటి, మూడో గుంపులు తేలిక. తలనొప్పి అంతా రెండోదానితోనే. లైబ్రరీ ఖర్చులో ఫ్రెంచ్ వాటా ఎంత? విద్యార్థుల సంఖ్య ప్రకారం పంచితే ఫ్రెంచ్ చదువు చవకగా కనిపిస్తుంది. క్లాసుల గంటల ప్రకారం పంచితే బాగా ఖరీదుగా కనిపిస్తుంది. ఒకే సంస్థ, ఒకే ఏడాది, రెండు వేర్వేరు సత్యాలు. నేను ముందు తలల ప్రకారం పంచి నివేదిక ఇచ్చాను. అక్కడ ముప్పై ఏళ్లుగా ఫ్రెంచ్‌లో పాఠాలు చెబుతున్న ఒకావిడ దాన్ని చదివి, "మీరు మా మీద అభిమానంతో ఖర్చు తగ్గించి చూపించారు. రేపు ఎవరైనా మీ లెక్క పట్టుకుని గ్రాంటు కూడా తగ్గించేయవచ్చు. మా చదువు ఖరీదైనదే. ఖరీదైనదని రాయండి, ఎందుకో రాయండి" అన్నారు. ఆవిడ అన్నది నిజం. అదనపు ఖర్చు ఉందని ఒప్పుకోవడంలోనే ప్రభుత్వ బాధ్యతకి పునాది ఉంది. రెండు పద్ధతుల్లోనూ లెక్క కట్టి, రెండూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకొచ్చిందో కింద రాసి మళ్లీ ఇచ్చాను.

ఇంకో విషయం ఆవిడే చూపించారు. ఆ సంస్థలో ఫ్రెంచ్‌లో డిగ్రీ చేసినవాళ్లలో చాలామంది టీచర్లవుతున్నారు. ఒంటారియో ఫ్రెంచ్ బడుల్లో టీచర్ల కొరత ఏళ్లుగా ఉంది. సెక్షన్ 23 బడిని హామీ ఇస్తుంది. ఆ బడిలో పాఠం చెప్పే మనిషిని తయారు చేసే చోటుకి హామీ లేదు. ఈ రెండూ విడివిడి విషయాలని చట్టం అనుకోవచ్చు. సడ్‌బరీలో ఫ్రెంచ్ బడి ప్రిన్సిపాల్ ఆగస్టులో టీచర్ కోసం ఫోన్లు చేస్తున్నప్పుడు అవి ఒకటే విషయం.

టొరంటో, ఎడ్మంటన్, మాంక్టన్

పోల్చి చూడటానికి మూడు చోట్లు.

టొరంటోలో యూనివర్సిటే ద లొంటారియో ఫ్రాంసె అనే పూర్తి ఫ్రెంచ్ యూనివర్సిటీ పెట్టడానికి 2017లో చట్టం అయింది. 2018 నవంబర్‌లో ఒంటారియో ముఖ్యమంత్రి డగ్ ఫోర్డ్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది. డిసెంబర్ 1న రాష్ట్రమంతటా వేలమంది ఆకుపచ్చ, తెలుపు జెండాలతో రోడ్ల మీదికి వచ్చారు. అధికార పార్టీ ఎమ్మెల్యే అమాండా సిమార్డ్ పార్టీ వదిలేశారు. చివరికి ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు ఎనిమిదేళ్లకి 126 మిలియన్ డాలర్లు, చెరి సగం అని ఒప్పందం రాసుకున్నాయి. మొదటి సగం ఒట్టావాది, తర్వాతి సగం రాష్ట్రానిది. నాకు ఈ ఒప్పందంలో నచ్చింది బాధ్యతని అంకెల్లో, ఏళ్లలో రాయడం. ఎవరి వంతు ఎప్పుడో అందరికీ తెలుసు. తొలి ఏడాది ఒంటారియో హైస్కూళ్ల నుంచి వచ్చిన దరఖాస్తులు 39 మాత్రమే. దాన్ని చూసి ఫ్రెంచ్‌లో చదివేవాళ్లే లేరని అన్నవాళ్లున్నారు. నేను అలా అనను. కోవిడ్ మధ్యలో, ఎవరికీ పరిచయం లేని నాలుగు కోర్సులతో తలుపు తెరిస్తే జనం ఎక్కడి నుంచి వస్తారు? టీచర్, నర్సు, అకౌంటెంట్ లాంటి ఉద్యోగాలకి దారితీసే కోర్సులతో మొదలుపెట్టి ఉండాల్సిందని మాత్రం ఒప్పుకుంటాను.

ఎడ్మంటన్‌లో కాంపస్ సాం-జాన్ యూనివర్సిటీ ఆఫ్ ఆల్బర్టాలో భాగం. 1976లో దాన్ని నడిపిన ఓబ్లేట్ ఫాదర్లు ఆస్తిని అప్పగిస్తూ రాష్ట్రంతో, యూనివర్సిటీతో కాంట్రాక్టు రాసుకున్నారు. అక్కడ ఫ్రెంచ్ చదువుని కొనసాగించి, పెంచాలని అందులో ఉంది. 2020లో ఆల్బర్టా ఫ్రెంచ్ సంఘం ఆ కాంట్రాక్టు పట్టుకునే, ఏళ్లుగా నిధులు చాలక గొంతు నొక్కుతున్నారని కోర్టుకి వెళ్లింది. ఆ ఫాదర్ల ముందుచూపుకి దండం పెట్టాలి. సడ్‌బరీలో జెస్యూట్లు రాసుకున్న ఒప్పందాన్ని సీసీఏఏ కింద నోటీసు ఇచ్చి తెంచేశారు. ఎడ్మంటన్‌లో ఆస్తి ఇచ్చినందుకు బదులుగా మాట తీసుకున్నారు.

మాంక్టన్ సంగతి వేరు. న్యూ బ్రన్స్‌విక్‌లో ఫ్రెంచ్ వాళ్లు జనాభాలో మూడో వంతుకి దగ్గరగా ఉన్నారు. 1963లో లూయి రోబిషో ప్రభుత్వం యూనివర్సిటే ద మాంక్టన్‌ని పెట్టింది. 1993లో హక్కుల చార్టర్‌లో చేర్చిన 16.1 సెక్షన్ ఆ రాష్ట్రంలో రెండు భాషా సమాజాలకీ వేర్వేరు విద్యాసంస్థల హక్కు ఇచ్చింది. అక్కడా నిధుల కొరత గురించి గొడవలున్నాయి. కానీ ఫ్రెంచ్ కోర్సు ఉంచాలా తీయాలా అన్నది ఫ్రెంచ్ బోర్డే నిర్ణయిస్తుంది.

ఈ మూడింటినీ సడ్‌బరీ పక్కన పెట్టి చూస్తే నా అభిప్రాయం ఇది. ప్రధాన బాధ్యత రాష్ట్రానిదే, ఎందుకంటే యూనివర్సిటీకి చార్టర్ (నడవడానికి అధికార పత్రం) ఇచ్చేది, కారిడార్ గీసేది, ఫీజు గడ్డకట్టించేది రాష్ట్రమే. ఒట్టావా బాధ్యత అదనపు ఖర్చుది. 2021 బడ్జెట్‌లో అది మూడేళ్లకి 121.3 మిలియన్ డాలర్లు మైనారిటీ భాషల ఉన్నత విద్యకి పెట్టింది. 2023లో మార్చిన అధికార భాషల చట్టంలో, చిన్నతనం నుంచి యూనివర్సిటీ దాకా సొంత భాషలో చదువుకునే అవకాశాలు పెంచుతామన్న మాట చేరింది. మాట చేరడం చిన్న విషయం కాదు. కానీ మూడేళ్ల డబ్బుతో పర్మనెంట్ ప్రొఫెసర్‌ని ఎవరూ నియమించరు. ప్రొఫెసర్ ఉద్యోగం ముప్పై ఏళ్లది. గ్రాంటు మూడేళ్లదైతే వచ్చేది ఒప్పంద ఉద్యోగాలు, కొత్త బోర్డులు, పైలట్ ప్రాజెక్టులు.

ఇప్పుడు

హర్స్ట్ అనే చిన్న అటవీ పట్టణంలోని ఫ్రెంచ్ యూనివర్సిటీ 1963 నుంచి లారెన్షియన్ నీడలో ఉండేది. 2021లో రాష్ట్ర చట్టంతో సొంత చార్టర్ తెచ్చుకుని విడిపోయింది. యూనివర్సిటీ ఆఫ్ సడ్‌బరీకి ఆ అదృష్టం పట్టలేదు. నేరుగా నిధులివ్వమని అది అడిగితే రాష్ట్రం ఒప్పుకోలేదు. తర్వాత ఒట్టావా యూనివర్సిటీతో చెయ్యి కలిపి, వాళ్ల కోర్సులను సడ్‌బరీలో ఫ్రెంచ్‌లో చెప్పే దారి వెతుక్కుంది. జెండా మొదట ఎగిరిన చోట డిగ్రీ పట్టా మీద ఇంకో ఊరి పేరు ఉంటుంది. అయినా క్లాసులు ఉండటం క్లాసులు లేకపోవడం కంటే ఎంతో నయం. అక్కడి పిల్లల కోసం నేను సంతోషించాను.

నేను పని చేసిన సంస్థలో ఫ్రెంచ్ గ్రాంటుకి ఇప్పుడు విడి ఖాతా ఉంది. ప్రతి ఫ్రెంచ్ కోర్సు ఎదురుగా దాని ఖర్చు, దానికి చేరిన గ్రాంటు రెండూ కనిపిస్తాయి. చివరి బోర్డు మీటింగ్‌లో ఆ ముప్పై ఏళ్ల అనుభవమున్న ఆవిడ షీట్ చూసి, "ఈ వరుసను మమ్మల్ని అడగకుండా ఎవరైనా కొట్టేయగలరా?" అని అడిగారు. కొట్టేయగలరని చెప్పాను, అబద్ధం చెప్పలేను కదా. ఆ రాత్రి షీట్‌కి ఇంకో కాలమ్ కలిపాను. ఈ కోర్సు తీసేయాలంటే ఎవరి అనుమతి కావాలి, అని దానికి పేరు పెట్టాను. పదకొండు కోర్సులకి ఫ్రెంచ్ ప్రొఫెసర్ల సంఘం అనుమతి కావాలని బోర్డు తీర్మానం చేసింది. మిగతా కోర్సుల ఎదురుగా ఆ గడి ఖాళీగా ఉంది. జూన్ మీటింగ్‌కి ఆ షీట్ మళ్లీ తీసుకెళ్తున్నాను.